షుగర్‌కు మందు రాసేది డాక్టర్, మరి నేర్పేది ఎవరు? పాతబస్తీకి కావాల్సిన డయాబెటిస్ ఎడ్యుకేటర్లు

పాతబస్తీలో షుగర్ పేషెంట్ లేని గల్లీ లేదంటే ఎవరూ కాదనరు. గోలీలు దొరుకుతున్నాయి, ఇన్సులిన్ దొరుకుతోంది, ల్యాబ్ వీధి చివరే ఉంటోంది. దొరకనిది కూర్చోబెట్టి, అర్థమయ్యేలా చెప్పే మనిషి. గోలీ తిండికి ముందా తర్వాతా? సూది ఎక్కడ వేసుకోవాలి? ఒక్కసారిగా చెమటలు పట్టి చేతులు వణికితే ఏం చేయాలి? రోజా ఉండొచ్చా? ఇవి నేర్పడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సు, డైటీషియన్ లేదా ఇతర ఆరోగ్య సిబ్బందిని డయాబెటిస్ ఎడ్యుకేటర్ అంటారు.

అవసరం ఎంత?

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023 జూన్‌లో వచ్చాయి. దాని ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. అంటే పెద్దవాళ్లలో 11.4 శాతం. ఇంకో 13.6 కోట్ల మంది షుగర్ వచ్చే ముందు దశలో, అంటే ప్రీడయాబెటిస్‌లో ఉన్నారు.

ఇప్పుడు చిన్న లెక్క చూద్దాం. ఏడాదికి 8,760 గంటలు. ఒక పేషెంట్ మూడు నెలలకోసారి డాక్టర్‌ను కలిసి, ప్రతిసారీ పది నిమిషాలు మాట్లాడాడనుకుందాం. అన్నీ కలిపితే 40 నిమిషాలు, గంట కూడా కాదు. మిగతా టైమంతా ఏం తినాలి, ఎంత నడవాలి, మందు ఎప్పుడు వేసుకోవాలి అన్నది ఆ మనిషి, ఆ ఇంటివాళ్లే చూసుకోవాలి. నేర్పేవాళ్లు లేకపోతే పక్కింటివాళ్ల సలహా, వాట్సాప్ ఫార్వర్డ్ ఆ ఖాళీలోకి వచ్చేస్తాయి. కళ్లు, కిడ్నీలు, కాళ్లు దెబ్బతినేది చాలామందికి ఆలస్యంగానే తెలుస్తుంది.

ఈ పని ఎలా మొదలైంది?

కెనడాలోని టొరంటోలో 1921లో ఇన్సులిన్ కనుక్కున్నారు. అంతకు ముందే అమెరికాలోని బోస్టన్‌లో ఎలియట్ జోస్లిన్ అనే డాక్టర్, పేషెంట్‌కు నేర్పడం కూడా వైద్యమే అని నమ్మి, 1918లో డాక్టర్లూ పేషెంట్లూ కలిసి చదువుకునే పుస్తకం రాశారు. తర్వాత నర్సులకు శిక్షణ ఇచ్చి పేషెంట్ల ఇళ్లకు పంపించారు. 1973లో అమెరికాలో ఎడ్యుకేటర్ల సంఘం ఏర్పడింది, 1986 నుంచి వాళ్లకు సర్టిఫికెట్ పరీక్ష పెడుతున్నారు.

ఇన్సులిన్ కనుక్కున్నవాళ్లలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు నవంబర్ 14. ఆ రోజునే ప్రపంచ డయాబెటిస్ దినంగా జరుపుతారు. 2020లో ఆ దినం అంశం ‘నర్సులు, డయాబెటిస్’. పేషెంట్‌తో ఎక్కువసేపు గడిపేది నర్సే కాబట్టి నేర్పే శిక్షణ ఆమెకు అందాలన్నది దాని ఉద్దేశం.

మన దగ్గర శిక్షణ ఎక్కడుంది?

డాక్టర్లకు: పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, చెన్నైలోని డాక్టర్ మోహన్స్ డయాబెటిస్ ఎడ్యుకేషన్ అకాడమీ కలిసి 2010లో ఒక సర్టిఫికెట్ కోర్సు మొదలుపెట్టాయి. మామూలు ఎంబీబీఎస్ డాక్టర్లు ప్రాక్టీసు మానకుండానే నెలకోసారి క్లాసుకు వెళ్లి ఏడాదిలో పూర్తి చేయొచ్చు.

నర్సులకు, డైటీషియన్లకు: నేషనల్ డయాబెటిస్ ఎడ్యుకేటర్ ప్రోగ్రామ్ లాంటి కోర్సులున్నాయి. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య (ఐడీఎఫ్) ఆన్‌లైన్‌లో కూడా పాఠాలు నడుపుతోంది.

ప్రభుత్వ సిబ్బందికి: షుగర్, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బుల కోసం కేంద్రం 2010లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కింద ఆశా, ఏఎన్ఎం, స్టాఫ్ నర్సు, మెడికల్ ఆఫీసర్లకు శిక్షణ ఉంటుంది. 30 ఏళ్లు దాటినవాళ్ల ఇంటికి ఆశా వచ్చి ఒక ఫారం నింపుతుంది. నడుం కొలత, పొగాకు అలవాటు, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అన్నవి అడుగుతుంది. స్కోరు 4 దాటితే రిస్కు ఎక్కువ ఉన్నట్టు.

మన నగరంలో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు ఇంటికి దగ్గరగా ఉన్నాయి. అక్కడ డాక్టర్, నర్సు, సహాయకులు ఉంటారు. పెద్ద జబ్బులకు అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఉంది. తిండి విషయంలో మార్గదర్శకాలు రాసే జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) మన తార్నాకలోనే ఉంది. 1958 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఈ సంస్థ, 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది.

అయితే జబ్బును కనిపెట్టడం వేరు, దాంతో బతకడం నేర్పడం వేరు. ఓపీలో వంద మంది లైన్‌లో నిలబడి ఉంటే, శిక్షణ పొందిన నర్సుకైనా ఒక్కొక్కరికి పావుగంట కేటాయించడం కుదరదు. అందుకే శిక్షణతో పాటు, నేర్పడానికంటూ ఒక మనిషి, ఒక కుర్చీ, కొంత టైము విడిగా ఉండాలి.

ఎడ్యుకేటర్ ఏం నేర్చుకుంటారు?

• వినడం: మొదట పేషెంట్‌కు ఏం తెలుసో అడగాలి. చెప్పాక ‘ఇప్పుడు మీరు నాకు చెప్పండి’ అని తిరిగి చెప్పించుకోవాలి. తల ఊపితే అర్థమైనట్టు కాదు.

• ఇన్సులిన్: సూది చోటు మారుస్తూ ఉండాలి. ఒకేచోట వేస్తే గడ్డ కట్టి మందు సరిగ్గా ఎక్కదు. వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో నీళ్లు పోసిన మట్టికుండలో డబ్బా తడవకుండా పెట్టడం ఎలాగో చూపించాలి.

• షుగర్ పడిపోతే: 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

• పాదాలు: రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. స్పర్శ ఉందో లేదో క్లినిక్‌లో సన్నని నైలాన్ దారంతో తాకి పరీక్షిస్తారు.

• పరీక్షలు: మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అంటే ఏంటో, కళ్ల పరీక్ష, కిడ్నీ పరీక్ష ఏడాదికోసారి ఎందుకో వివరించాలి.

పాతబస్తీలో నేర్పాలంటే

మొదటిది భాష. ఎడ్యుకేటర్ తెలుగులో చదువుకుని ఉండొచ్చు. ఎదురుగా ఉన్న నానీమాకు దక్కనీ మాత్రమే వచ్చి ఉండొచ్చు. ‘ఫాస్టింగ్’ అంటే రోజా అనుకునేవాళ్లున్నారు. ‘ఖాలీ పేట్ టెస్ట్’ అంటే చాలు, గొడవ ఉండదు.

రెండోది తిండి. ఓట్స్, సలాడ్ పట్టిక ఇచ్చి పంపితే అది ఇంట్లో ఏ మూలో పడి ఉంటుంది. నాష్తాకు ఖిచిడీ-ఖీమా-ఖట్టా, సాయంత్రం ఇరానీ చాయ్ ఉస్మానియా బిస్కెట్, దావత్‌లో బిర్యానీ, డబుల్ కా మీఠా – ఈ లెక్కలోనే మాట్లాడాలి. బిర్యానీ ప్లేటులో అన్నం ఎంత తగ్గించాలి, ముక్క, దహీ చట్నీ, కీరా ఎంత పెంచాలి అని చెబితే పాటిస్తారు.

మూడోది యునానీ. చార్మినార్ పక్కనే నిజామియా తిబ్బీ కాలేజీ, యునానీ ఆసుపత్రి ఉన్నాయి. మాజూన్, కాకరకాయ రసం వాడేవాళ్లు చాలామంది. ఎడ్యుకేటర్ కోప్పడితే ఆ మాట దాచేస్తారు. దాచకుండా చెప్పించుకుని, ఇంగ్లీషు మందు సొంతంగా ఆపొద్దని నచ్చజెప్పడం నేర్చుకోవాలి.

నాలుగోది ఆడవాళ్లు. పార్కులో నడవమంటే కుదరని అమ్మీజాన్‌కు మేడ మీదో, ఇంటి సహన్‌లోనో నడక చెప్పాలి. చెప్పేది మహిళా ఎడ్యుకేటర్ అయితే సందేహాలు మొహమాటం లేకుండా బయటికొస్తాయి.

రంజాన్‌లో ఇది ప్రాణాల విషయం

2001లో 13 దేశాల్లో 12 వేలకు పైగా షుగర్ ఉన్న ముస్లింలపై ఎపిడయార్ అధ్యయనం జరిగింది. టైప్-2 షుగర్ ఉన్నవాళ్లలో 79 శాతం మంది కనీసం 15 రోజాలు పెట్టారు. ఆ నెలలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మామూలు కంటే 7.5 రెట్లు పెరిగింది.

మరి ముందే నేర్పితే తేడా వస్తుందా? లండన్‌లో 111 మందిపై చేసిన రీడ్ అధ్యయనం 2010లో వచ్చింది. రంజాన్‌కు ముందు క్లాసు విన్నవాళ్లలో షుగర్ పడిపోయిన ఘటనలు 9 నుంచి 5కు తగ్గాయి. వినని వాళ్లలో 9 నుంచి 36కు పెరిగాయి.

ఐడీఎఫ్, డార్ కూటమి కలిసి రాసిన మార్గదర్శకాలు (2021) ప్రతి పేషెంట్‌కు స్కోరు వేస్తాయి. 3 వరకు తక్కువ రిస్కు, 3.5 నుంచి 6 మధ్యస్థం, 6 దాటితే ఎక్కువ. రోజాలో వేలికి గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదు. 70 కంటే తగ్గినా, 300 దాటినా, ఒంట్లో బాగోలేకపోయినా వెంటనే రోజా విప్పాలి. జబ్బుపడినవాళ్లకు ఖుర్ఆన్‌లో, సూరహ్ బఖరా 184, 185 ఆయత్‌లలో, సడలింపు ఉంది. ఖజా, ఫిద్యా సంగతి ఆలింను అడగాలి, మందు మార్పు సంగతి డాక్టర్‌ను అడగాలి. ఎడ్యుకేటర్ ఈ రెండింటి మధ్య వారధి.

ఈసారి దవాఖానాకు వెళ్లినప్పుడు అడగండి

1. ఇక్కడ షుగర్ గురించి నేర్పే నర్సు గానీ డైటీషియన్ గానీ ఉన్నారా? ఏ రోజు, ఏ టైముకు?

2. నా గోలీల్లో షుగర్‌ను మరీ తగ్గించేవి ఏవి? గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి వాడేవాళ్లు ఇది తప్పకుండా అడగాలి.

3. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు: నా రిస్కు స్కోరు ఎంత? సహెరీకి, ఇఫ్తార్‌కు మందు ఎలా మార్చాలి?

4. సూది నేనే వేసి చూపిస్తాను, సరిగ్గా ఉందా చూస్తారా?

వెళ్లేటప్పుడు ఇంట్లో వంట చేసేవాళ్లను కూడా తీసుకెళ్లండి. డాక్టర్ రాసిన చీటీ పేషెంట్ జేబులో ఉంటుంది గానీ, ఉప్పు, నూనె, చక్కెర డబ్బాలు వాళ్ల చేతిలో ఉంటాయి.