కొలువుకు కట్టిన కంచె, చెలకకు లేని కంచె: ఓరుగల్లులో స్థానికులు, సెట్లర్లు

స్థానికులకూ కోస్తా నుంచి వచ్చినవారికీ మధ్య వరంగల్‌లో నడిచిన ఘర్షణ మీద మన రాతలు ఎక్కువగా ఉద్యోగాల చుట్టూ తిరిగాయి. అదే కాలంలో భూమిని వెతుక్కుంటూ వచ్చిన రైతుల కథకు ఆ చరిత్రలో దక్కిన చోటు తక్కువ. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డు నుంచి చూస్తే ఈ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఉద్యోగాల కథ తెలిసిందే. నిజాం 1919 ఫర్మానా ప్రకారం బయటివారు ముల్కీ (స్థానికుడు) కావాలంటే 15 ఏళ్లు ఇక్కడ నివసించాలి. 1948 పోలీసు చర్య తర్వాత మద్రాసు రాష్ట్రం నుంచి అధికారులు, ఉపాధ్యాయులు వచ్చారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. 1952లో తొలి నిరసన రాజధానిలో కాదు, వరంగల్, హనుమకొండ విద్యార్థుల్లో రగిలింది. సెప్టెంబరులో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల దాకా వెళ్లింది.

భూమి సంగతి 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో లేకపోలేదు. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలు ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలన్న షరతు అందులో స్పష్టంగా ఉంది. 1973 ఆరు సూత్రాల పథకం ముల్కీ నిబంధనలతోపాటు ఆ మండలి రూపమైన ప్రాంతీయ సంఘానికీ ముగింపు పలికింది. కొలువులకు ఆ తర్వాత స్థానికులకు రక్షణగా 1975 రాష్ట్రపతి ఉత్తర్వు దక్కింది; దాన్ని ఉల్లంఘించినప్పుడు, సరిదిద్దేందుకు 1985లో 610 జీవో వచ్చింది. భూమికి అలాంటి బదులేదీ రాలేదు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. చదువుకున్నవాడి నష్టానికి పోరాడే సంఘాలుండేవి. ఎకరం అమ్ముకున్న రైతు నష్టం ఆ కుటుంబంలోనే ఉండిపోయింది.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఎకరం అమ్మి ఇక్కడ అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ కొనుక్కున్నవారు పత్తి, మిర్చి సాగును విస్తరించారు. ఊళ్ల పక్కన గుంటూరుపల్లెలు వెలిశాయి. వాళ్ల దిగుబడి చూసి జొన్న, కంది వేసే చెలకల్లో స్థానికులూ పత్తి పెట్టారు. నల్లరేగడి, పెట్టుబడి ఉన్నచోట నిలిచిన పంట, నీటి ఆధారం లేని ఎర్రనేలల్లో నిలవలేదు. 1997-98లో పురుగు ఉధృతి, కల్తీ మందులు, అప్పులు కలిసి ఈ జిల్లా పత్తి రైతులను బలి తీసుకున్నాయి. ఆ పాపాన్ని వలసదారుల మీదికి నెట్టడం అన్యాయం, వాళ్లలోనూ కౌలుదారులున్నారు. విత్తనం, మందు అప్పిచ్చిన షావుకారు రైతు పుట్టిన జిల్లా అడగలేదు.

ఎనుమాములలోనూ అంతే. జెండా పాట ధర, అంటే ఆ రోజు వేలంలో పలికిన పై ధర, అందరి చెవినా పడుతుంది, ఆ ధర దక్కేది కొన్ని బస్తాలకే. తేమ పేరుతో, తాలు పేరుతో కోత పడ్డాక, అడ్తి కమీషన్, హమాలీ, పాత బాకీ పోగా తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) మిగిలిన అంకె చూసుకునేటప్పుడు గుంటూరుపల్లె రైతూ పరకాల రైతూ ఒకే వరుసలో నిలబడతారు. 2025లో వరంగల్ చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంటకు దొరికిన ఆ స్థానికత, దాన్ని పండించే కౌలుదారుకు రుణార్హత తేలేదు.

2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం, పట్టా ఉన్నవారికీ లేనివారికీ మధ్య గీతను ఇంకా స్పష్టం చేసింది. మొదట్లో ఎకరానికి పంటకు 4,000 రూపాయలు పట్టాదారుకే వెళ్లాయి. పట్టా ఉన్న సెట్లరుకు అందింది, పట్టా లేని స్థానిక కౌలుదారుకు అందలేదు. దొర భూమిని కౌలుకు చేస్తున్న సెట్లరుకూ అందలేదు.