మిత్రలాభము, మిత్రభేదము

స్నేహధర్మమును విచారించిన గ్రంథములు పెక్కు దేశములలో వెలసినవి. గ్రీకు తత్త్వవేత్త యగు అరిస్టాటిలు తన నీతిశాస్త్రమందలి పది భాగములలో 8, 9 భాగములను రెండింటిని స్నేహవిచారమునకే వినియోగించెను. రోమను వక్త సిసిరో క్రీ.పూ. 44లో మైత్రిని గూర్చి సంవాదరూపమున ఒక ప్రత్యేకగ్రంథమునే రచించెను. మన దేశమున ఈ విషయము కథారూపమున ప్రసిద్ధి కెక్కినది. విష్ణుశర్మ పేర వెలసిన పంచతంత్రమందలి అయిదు తంత్రములలో మొదటి రెండును మైత్రికి సంబంధించినవే. మొదటిది మిత్రభేదము, రెండవది మిత్రసంప్రాప్తి. అనగా స్నేహము చెడు విధము ముందును, స్నేహము కలుగు విధము తరువాతను చెప్పబడినవి.

ఈ వరుస చదువరులకు వింతగా తోచవచ్చును. కాని పంచతంత్రము రాజపుత్రులకు లోకజ్ఞానము గఱపుటకై పుట్టిన గ్రంథము. పాలకుడు కాదలచినవానికి మొదట తెలియవలసినది తన చెవిలో పడు మాటలలో ఏది విషమో గుర్తించుట. అందువలననే కాబోలు, సింహ మగు పింగళకునకును వృషభ మగు సంజీవకునకును గల మైత్రిని దమనకు డను నక్క చెఱచిన కథతో గ్రంథ మారంభ మగుచున్నది.

ఆ కథలో గమనింపదగినది యొకటి కలదు. సింహమును వృషభమును కలిపినవాడును దమనకుడే, విడదీసినవాడును వాడే. స్నేహము కుదిరిన పిదప ఆ యిరువురును ఏకాంతమున సంభాషించుచు తక్కిన పరివారమును మఱచిరి. నక్కలకు ఆకలి మిగిలెను. అప్పుడు దమనకుడు సింహముతో వృషభము ద్రోహము తలపెట్టినదనియు, వృషభముతో సింహము చంపదలచినదనియు చెప్పెను. ఎదుటివాని నిలుకడ, చూపు ఇట్లుండునని ఇరువురకును గుర్తులు గూడ ముందుగా తెలిపెను. మఱునాడు ఇరువురును ఆ గుర్తులనే యొకరియందొకరు చూచుకొని నమ్మిరి. అంతకుముందు దినదినము ముచ్చటించుకొన్న మిత్రులు ఆ యొక్క దినమున మాత్రము ఒకరినొకరు నోరు విప్పి అడుగలేదు. సంజీవకుడు హతు డయ్యెను. దమనకునకు ఏ దండనయు లేకపోయెను. వాడు సింహమును ఊరడించి మంత్రిగానే నిలిచెను.

రెండవ తంత్రము దీనికి ప్రత్యుత్తరము వంటిది. వలలో చిక్కిన పావురములు ఒక్కుమ్మడి వలతోనే యెగిరిపోవును. వాని రాజగు చిత్రగ్రీవుడు తన మిత్రు డగు హిరణ్యకు డను ఎలుకను ఆశ్రయించి, తన పాశములకంటె ముందు తన పరివారము పాశములను కొఱుకుమని కోరును. దీని నంతయు చూచిన లఘుపతనకు డను కాకి ఆ యెలుకతో స్నేహము చేయగోరును. ఎలుక సమ్మతింపదు. కాకికి ఎలుక ఆహారము. భక్షకునకును భక్ష్యమునకును పొత్తు ఎక్కడిది? పంచతంత్రపు ఒక పాఠమున కాకి అప్పుడు చెప్పిన ఉపాయము మిక్కిలి చక్కనిది. నమ్మకము లేనియెడల ఎలుక తన కలుగులోనే యుండవచ్చును. తాను వెలుపలనే యుందును. ఇరువురును నిత్యము మంచి మాటలు చెప్పుకొందురు గాక యని కాకి వేడుకొనును. ఇచ్చుట, పుచ్చుకొనుట తరువాతి సంగతులు. ముందు మాట, ఆ మాటవలన నమ్మకము, నమ్మకమువలన ఎలుక కలుగు వెడలి వచ్చుట. ఇదియే క్రమము. పిదప మంథరు డను తాబేలును, చిత్రాంగు డను లేడియు వారితో చేరుదురు. వేటకాడు తాబేలును పట్టినప్పుడు లేడి చచ్చినట్లు పడియుండి, కాకి దాని కన్నులు పొడుచుచున్నట్లు నటించి, ఎలుక త్రాళ్లు కొఱికి, ఎవరి శక్తికొలది వారు మిత్రుని రక్షింతురు.

ఈ తంత్రముననే ప్రీతికి ఆఱు లక్షణములు చెప్పబడినవి. ఇచ్చుట, పుచ్చుకొనుట, తినుట, పెట్టుట అను నాలుగును లోకమున అందఱును ఎఱిగినవే. తక్కిన రెండును తన రహస్యమును చెప్పుట, ఎదుటివాని రహస్యమును అడుగుట. విందులును కానుకలును పగవారి నడుమ సైతము మర్యాదకై సాగవచ్చును. మనసులోని మాట చెప్పుకొనుట మాత్రము మిత్రుల నడుమనే సాగును. పింగళక సంజీవకుల మైత్రియందు కడపట లోపించినది ఈ యడుగుటయే.

ఈ గ్రంథము దేశాంతరముల కేగిన చరిత్ర ప్రసిద్ధము. పారసీకచక్రవర్తి ఖుస్రూ అనుషిర్వాను (531–579) కాలమున బుర్జోయ్ అను వైద్యుడు దీనిని పహ్లవీభాషలోనికి మార్చెను. ఆ ప్రతి నశించినది. దానినుండి సుమారు 570లో సిరియకు భాషలోనికి ఒక పరివర్తనమును, 8వ శతాబ్ది మధ్యమున ఇబ్నుల్ ముకఫ్ఫా అను విద్వాంసునిచే అరబీలోనికి ‘కలీలా వ దిమ్నా’ అను పేర మఱియొక పరివర్తనమును కలిగినవి. కలీలా యనగా కరటకుడు. దిమ్నా యనగా దమనకుడు.

అరబీ గ్రంథమున మిత్రభేదకథ ముగిసిన పిమ్మట ఒక నూతనాధ్యాయము కలదు. అందు దమనకునిపై విచారణ జరుగును. సింహమాత సత్యమును వెలికి తీయుటకు పట్టుపట్టును, సాక్షులు పలుకుదురు, తుదకు దోషి ప్రాణములు కోల్పోవును. ప్రాచీన సిరియకు ప్రతిలో ఈ యధ్యాయము లేదు. కావున ఇది ఇబ్నుల్ ముకఫ్ఫా చేర్చినదే యని పండితులు తలంతురు. మైత్రిని చెఱచినవాడు సుఖముగా మంత్రిపదవి ననుభవించుట ఆయన మనసునకు సరిపడలేదు కాబోలు. ఆ మహనీయుడే బస్రా నగరమున రాజాగ్రహమునకు గురియై వధింపబడెను. గ్రంథమున దొరకిన న్యాయము ఆయన జీవితమున దొరకలేదు.

ఆ గ్రంథమందలి కపోతాధ్యాయమునకును ఒక గౌరవము దక్కెను. 10వ శతాబ్దిని బస్రాలో ‘ఇఖ్వానుస్సఫా’, అనగా నిర్మలహృదయు లగు సోదరులు, అను విద్వద్బృంద ముండెను. ఆ పేరు ఈ యధ్యాయపు ఆరంభమునుండియే గ్రహింపబడినదని గోల్డ్‌జిహరు పండితుని యభిప్రాయము. వలతో నెగిరిన పావురముల కథ ఒక విద్యాగోష్ఠికి పేరు పెట్టుట స్నేహగ్రంథ చరిత్రమున ఒక మధురఘట్టము.

మన దేశమున మఱియొక మార్పు జరిగెను. నారాయణపండితుడు పంచతంత్రమును ప్రధానముగా గైకొని హితోపదేశమును సంధానించెను. ఆయన అయిదు తంత్రములను నాలుగు భాగములు గావించి, మిత్రలాభమును ముందును, సుహృద్భేదమును తరువాతను నిలిపెను. ఎట్లు చెడునో తెలియుటకు పూర్వము చెడకూడని దేదో తెలియవలెను గదా. బాలురకు చెప్పుటకు ఈ క్రమమే మేలైనది.

తెలుగున 15వ శతాబ్దిని దూబగుంట నారాయణకవియు, 16వ శతాబ్దిని బైచరాజు వేంకటనాథకవియు పంచతంత్రమును పద్యకావ్యములుగా రచించిరి. చెన్నపురిని తెలుగు పండితు డగు పరవస్తు చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ను గద్యమున ప్రకటించెను. ఆయన రచించినవి మిత్రలాభ మిత్రభేదములు రెండే. వరుసలో ఆయన హితోపదేశమునే అనుసరించెను. తక్కిన భాగములను పిదప కొక్కొండ వేంకటరత్నము పంతులు, కందుకూరి వీరేశలింగము పంతులు చేపట్టిరి. పెక్కు తరముల తెలుగుబాలురు హిరణ్యకుని, చిత్రగ్రీవుని పాఠశాలలో కలిసికొన్నది నీతిచంద్రిక మూలముననే. అందలి భాష కఠినమని జంకినవారు సైతము కథను మఱువలేదు.

ఈ గ్రంథచరిత్రము పల్లెలోని గ్రంథాలయమునకు పరాయిది గాదు. 1914లో బెజవాడను ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసిన నాటినుండి ఊరూర గ్రంథాలయములను నెలకొల్పినవారు కోరినది పుస్తకముల బీరువా మాత్రమే కాదు. ఒకరు చదువగా పలువురు విని, విన్నదానిని గూర్చి మాటాడుకొను చోటును గూడ. పొలము గట్టుకడ పుట్టిన తగవు పెక్కుమారులు గట్టువలన పెరుగదు. ఇరువురి నడుమ తిరుగు మూడవవాని మాటవలన పెరుగును. దమనకుడు అడవిలో మాత్రమే యుండెడివాడు గాడు. వానికి మందు కచ్చేరీలో దొరకుట అరుదు. చెవిని బడిన మాటను మిత్రునికడకే కొనిపోయి, ఇది నిజమా యని అడుగగల ధైర్యమే ఆ మందు. కాకియు ఎలుకయు కలుగువాకిట ముచ్చటించుకొన్నట్లు, నిన్న పలుకక పోయిన యిరువురు నేడు ఒకే బల్లకడ కూర్చుండి ఒక పుస్తకమును గూర్చి రెండు మాటలు పలికినచో, గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల సేవకు అంతకుమించిన ఫలము లేదు.