ధమని గోడను చూసిన చూపు

ధమనుల్లో పేరుకునే కొవ్వు పూడికను చిత్రించడం ఎలా ఎదిగిందంటే అందరూ యంత్రాల వరసే చెబుతారు. 1927లో లిస్బన్‌లో మోనిజ్ మెదడు ధమనులను ఎక్స్‌రేలో చూపించాడు. 1958లో క్లీవ్‌లాండ్‌లో సోన్స్ నేరుగా గుండె ధమనుల్లోకే డై ఎక్కించాడు. ఆపై అల్ట్రాసౌండ్, సీటీ, ఎంఆర్ఐ వచ్చాయి. అసలు మలుపు తిప్పింది మాత్రం యంత్రం కాదు, శవపరీక్ష గది.

ఇలా డై ఎక్కించి తీసే యాంజియోగ్రామ్‌లో కనిపించేది రక్తం పారే దారే, గోడ కాదు. 1987లో షికాగోలో గ్లాగోవ్ బృందం చనిపోయినవారి 136 గుండెలను పరిశీలించింది. పూడిక పెరిగేకొద్దీ ధమని బయటికి ఉబ్బి చోటిస్తుంది. లోపలి వైశాల్యంలో దాదాపు 40 శాతం నిండేదాకా దారి ఇరుకవదు. మరుసటి ఏడాది లిటిల్ బృందం గుండెపోటు వచ్చినవారి పాత యాంజియోగ్రామ్‌లు తిరగేసింది. తర్వాత మూసుకుపోయిన చోట చాలామందికి అంతకుముందు సగం ఇరుకు కూడా లేదు. గోడనే చూడాలన్న పట్టుదలకు బలం ఇక్కడ వచ్చింది. 1986లోనే ఇటలీలో పిగ్నోలి బృందం అల్ట్రాసౌండ్‌తో గోడ మందం కొలిచింది కదా అనవచ్చు. నిజమే, కానీ వాళ్లూ ఆ కొలతను శవాల నుంచి తీసిన ధమనులతోనే సరిచూసుకున్నారు.

అలాగని ఇరుకును తీసిపారేయలేం. లక్షణాలు కనిపించి, మెడ ధమని 70 శాతానికి పైగా ఇరుకైనవారికి శస్త్రచికిత్స చేస్తే రెండేళ్లలో మెదడు అదే వైపు దెబ్బతిని పక్షవాతం వచ్చే ముప్పు 26 శాతం నుంచి 9కి తగ్గిందని 1991లో ఉత్తర అమెరికా పరీక్ష తేల్చింది.

ఇప్పుడు గుండె ధమనుల్లోని సున్నాన్ని సీటీతో లెక్కగట్టే కాల్షియం స్కోరు మోజు నడుస్తోంది. శ్రీకాకుళం జిల్లాలోని మా కోటబొమ్మాళి వైపు ఆ మోజును నేను ఒప్పుకోలేను. పైన ఉద్దానమంతా కిడ్నీ జబ్బు. పలాసలో దానికోసమే 2023లో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. కిడ్నీ దెబ్బతిన్నవారిలో సున్నం పూడికలోనే కాక ధమని మధ్యపొరలోనూ పేరుకుంటుంది. అది ఏ పొరలో ఉందో సీటీ విడదీసి చెప్పలేదు. స్కోరు ఎక్కువైతే ముప్పు ఎక్కువన్నది వీళ్లలోనూ నిజమే, కానీ అది పూడిక కొలత మాత్రం కాదు. డై ఎక్కించి తీసే సీటీకేమో ఆ కిడ్నీలే అడ్డం. అందుకే ఇక్కడ ముందు చేయాల్సింది మెడ డాప్లర్, అంటే మెడ ధమనుల అల్ట్రాసౌండ్. చేసే చేతిని బట్టి ఫలితం మారుతుంది, ఛాతీలోని బృహద్ధమని సరిగా అందదు. అయినా అదే మేలు. దాంతోపాటు ఉద్దానం రోగుల ధమనులను, కుటుంబాల అనుమతితో, స్కాన్ పక్కన పెట్టి కోసి చూసే పరిశోధన పలాసలోనే మొదలవ్వాలి.