మంచుపెట్టె: బోస్టన్ రేవు నుండి తార్నాక దాకా



ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉదయపు నడక నాకు ఏళ్ళ తరబడి అలవాటు. ఆర్ట్స్ కళాశాల ముందు మొదలుపెట్టి, చెట్ల నీడన ఒక చుట్టు తిరిగి, తార్నాక వైపు ఇంటికి చేరుకుంటాను. మొన్న ఆ దారిలోనే నా పాత శిష్యుడొకడు ఎదురయ్యాడు.

"సార్, పిల్లల్ని తీసుకొని నాగార్జునసాగర్ పోతున్నం. రెండు దినాలు. ఐసు నిలిచే పెట్టె ఒకటి కొనాలె. వందల్ల ఉన్నయి, వేలల్ల ఉన్నయి. ఏది కొనమంటరు?" అని అడిగాడు.

"తెలుగు పండితుణ్ణి పట్టుకుని ఐసు పెట్టె సంగతి అడుగుతావేమిరా?" అని నవ్వాను.

"పోలియో చుక్కలప్పుడు డబ్బా మీ దగ్గర్నే ఉండె గద సార్" అన్నాడు వాడు.

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చివర చెప్తాను. వాడికి ఆ పూట సగమే చెప్పగలిగిన సమాధానాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ముందుగా నా శాస్త్రం వైపు నుంచి ఒక మాట. హిమం, తుహినం, తుషారం, నీహారం, ప్రాలేయం అంటూ మంచుకు మన నిఘంటువుల్లో పేర్లకు కొదవ లేదు. ప్రబంధాల్లో చలికాలపు వర్ణనలకూ కొదవ లేదు. కానీ మంచును దాచిపెట్టుకునే వస్తువుకు మనకు పాత మాట ఒక్కటి కూడా నాకు తట్టడం లేదు. లంబసింగి వంటి చోట్ల చలికాలపు తెల్లవారుజామున గడ్డిమీద పేరుకునే పలుచని పొర తప్ప, మన నేలమీద నీళ్ళు గడ్డకట్టవు. లేని వస్తువును దాచే అవసరం ఎవరికుంటుంది? చల్లదనమంటే మనకు మట్టికుండ, తడిగుడ్డ, వట్టివేళ్ళ తడిక. అవన్నీ ఆవిరి కావడం వల్ల చల్లబడేవే.

ఉత్తరాదిన మొగలు పాదుషాలకు మాత్రం మంచు తెలుసు. అక్బరు కొలువులో సురేకారం కలిపిన నీళ్ళలో పాత్రను తిప్పి తాగునీటిని చల్లబరచే పద్ధతినీ, లాహోరులో ఉన్న కాలంలో ఉత్తరాది కొండల నుంచి మంచు తెప్పించిన వైనాన్నీ అబుల్ ఫజల్ "ఐన్-ఇ-అక్బరీ"లో వివరంగా రాశాడు. పడవల మీదా, బండ్ల మీదా, మనుషుల తలల మీదా ఆ మంచు వచ్చేది. దారిలో కరిగినంత కరిగి, మిగిలినది ప్రభువుల పాలయ్యేది.

దక్షిణాదిన ఆంగ్లేయుల కాలంలో మంచు సముద్రం మీదుగా వచ్చింది. ఇక్కడి నుంచే అసలు కథ మొదలు. బోస్టన్ నగరంలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడుండేవాడు. శీతాకాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి వేడి దేశాలకు అమ్మాలని అతని పట్టుదల. 1806లో మార్టినిక్ దీవికి పంపిన మొదటి సరుకు చాలామటుకు నీరై, అతనికి నష్టమే మిగిల్చింది. ఊరు ఊరంతా నవ్వింది. అయినా వదలలేదు. 1833 మే 12న "టస్కనీ" అనే ఓడలో 180 టన్నుల మంచు నింపి కలకత్తాకు పంపాడు. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలు ప్రయాణం చేసి సెప్టెంబరులో ఆ ఓడ గంగాసాగర ముఖానికి చేరేటప్పటికి దానిలో ఇంకా 100 టన్నుల మంచు మిగిలి ఉంది!

దీనికి ఏ మంత్రమూ లేదు. మూడు పనులు చేశారు. మొదటిది, రంపపు పొట్టు. కలప కోసే మిల్లుల్లో పారబోసే ఆ పొట్టును మంచు చుట్టూ దట్టంగా కూరారు. పొట్టు సందుల్లో చిక్కుకున్న గాలి కదలదు, కదలని గాలి వేడిని సులభంగా పోనివ్వదు. రెండవది, గడ్డల ఆకారం. నథానియెల్ వైత్ అనే అతను గుర్రాలు లాగే మంచునాగలిని తయారుచేసి, గడ్డలన్నీ ఒకే కొలతలో వచ్చేటట్లు చేశాడు. ఇటుక పక్కన ఇటుక పేర్చినట్లు పేరిస్తే మధ్యలో ఖాళీ ఉండదు. మూడవది, రాశి. ఎంత పెద్ద ముద్దగా ఉంటే, బరువుకు తగ్గ నిష్పత్తిలో వేడి సోకే పైభాగం అంత తక్కువ.

ఆ వ్యాపారం మద్రాసుకూ వచ్చింది. సముద్రతీరాన 1842 ప్రాంతంలో కట్టిన గుండ్రని ఐస్ హౌస్ నేటికీ నిలిచి ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధానిగా ఉన్న రోజులవి. అమెరికా చెరువులోని నీరు గడ్డకట్టి, మన మద్రాసులో దొరల గ్లాసుల్లో కరిగేది. తన వాల్డెన్ చెరువు నీటిని మద్రాసు, బొంబాయి, కలకత్తా వాసులు తాగబోతున్నారని థోరో 1854లో వెలువడిన తన పుస్తకంలో మురిసిపోయాడు. 1870లలో మద్రాసులోనూ కలకత్తాలోనూ యంత్రాలతో మంచు చేయడం మొదలయ్యేసరికి ఆ ఓడల అవసరం తీరిపోయింది. తరువాత ఆ భవనం చేతులు మారింది. 1897లో వివేకానందస్వామి అందులో కొద్దిరోజులు బస చేశారు. ఇప్పుడది ఆయన పేరిటే ఉన్నది. ఆ పేటను మాత్రం జనం ఈనాటికీ ఐస్ హౌస్ అనే పిలుస్తారు.

ఇక నా కథ. 1982లో నేను ఉస్మానియాలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నప్పుడు, సహపాఠులం పదిమందిమి గండిపేటకు వనభోజనానికి బయలుదేరాము. తార్నాకలో ఒక ముసలాయన దగ్గర గోనెసంచిలో, రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ కొన్నాము. "పలగ్గొట్టకుర్రి బిడ్డా, ఒక్క గడ్డ లెక్కనే ఉంచుర్రి. పొట్టు దులపకుర్రి" అని ఆయన చెప్పాడు. మేము పట్టభద్రులం కదా, ఆయన మాట వింటామా! బకెట్టులో పట్టలేదని సుత్తితో ముక్కలు చేశాము. మురికిగా ఉన్నదని పొట్టు కడిగేశాము. ఎండకు కాగిన గోల్డ్ స్పాట్ సీసాలను అందులో దింపి, రెండు బస్సులు మారి గండిపేట చేరేసరికి బకెట్టులో మిగిలినవి చల్లని నీళ్ళు మాత్రమే. ట్యూడర్ మంచు నాలుగు నెలలు నిలిచింది. మాది నాలుగు గంటలు కూడా నిలవలేదు. తరువాత చాలా ఏళ్ళకు ట్యూడర్ చరిత్ర చదివినప్పుడు, ఆ ముసలాయన మాటల్లో బోస్టన్ విద్య అంతా ఉందని గ్రహించి సిగ్గుపడ్డాను.

ఈనాటి పెట్టెలు ఆ రంపపు పొట్టుకు వారసులే. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వ్యాపించిన థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్ళు గాలే. అంతకన్న గట్టి నురుగునిచ్చే పాలీయురెథేన్‌ను 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం కనిపెట్టింది. అమెరికాలో 1950లలో విహారయాత్రల ఐసు పెట్టెకు పేటెంటు వచ్చింది, లోపల ప్లాస్టిక్ తొడుగు కూడా చేరింది. పదార్థం మారింది గానీ సూత్రం మారలేదు. పెట్టె చల్లదనాన్ని పుట్టించదు. వేడి లోపలికి రావడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. తార్నాక అన్న పేరు "తార్ నాకా" నుండి వచ్చిందనీ, అంటే తీగకంచె ఉన్న నాకా అనీ పెద్దలు చెప్తారు. ఐసు పెట్టె కూడా అటువంటి నాకాయే. వేడిని పూర్తిగా ఆపలేదు, ఆలస్యం చేయగలదు.

నాతో పనిచేసిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకరు నాకొక లెక్క వేసి చూపించారు. పాతిక లీటర్ల పెట్టె, గోడ మందం 2.5 సెంటీమీటర్లు, బయట నీడలో 40 డిగ్రీలు. మూత బిగువుగా ఉన్నా రోజుకు సుమారు 7 కిలోల మంచు కరుగుతుంది. మందం 5 సెంటీమీటర్లయితే అది దాదాపు 4 కిలోలకు తగ్గుతుంది. మరొక లెక్క ఇంకా ముఖ్యమైనది. 35 డిగ్రీలున్న ఆరు లీటరు నీళ్ళ సీసాలను 5 డిగ్రీలకు దించడానికే రెండుంబావు కిలోల మంచు ఖర్చవుతుంది. మేము గండిపేటలో చేసిన తప్పు ఇదే. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల వేడి కావాలి. ఆ గుప్తోష్ణమే మన మూలధనం. దాన్ని ఇంటి దగ్గర ఫ్రిజ్‌లో చల్లబరచగలిగిన సీసాల మీద దుబారా చేయకూడదు.

కనుక నా శిష్యుడికి చెప్పేది ఇది. ఒక్క పూట ప్రయాణమైతే మామూలు థర్మోకోల్ పెట్టె చాలును. రెండు రోజులకైతే గోడా మూతా రెండూ మందంగా ఉన్నవి చూసుకో. చాలా పెట్టెల్లో గోడ మందంగా ఉండి, మూత మాత్రం బోలుగా ఉంటుంది. మూత అంచున రబ్బరు పట్టీ ఉన్నదో లేదో చూడు. వారాల తరబడి అడవుల్లో తిరిగేవారి కోసం చేసిన ఖరీదైన పెట్టెలు సాగర్‌కు అవసరం లేదు. అవసరానికి మించి పెద్దది కొనకు. ఖాళీ జాగా అంతా వేడిగాలికి ఇల్లు. ముందు రాత్రే పెట్టెలో కొంత మంచు వేసి లోపలి గోడలను చల్లబరచు. ఫ్యాక్టరీ ఐసు తాగే గ్లాసుల్లో వేయకు. సీసాలలో మంచినీళ్ళు గడ్డకట్టించి తీసుకెళ్తే, కరిగిన కొద్దీ తాగవచ్చు. పెద్ద గడ్డ అడుగున, చిన్న ముక్కలు సందుల్లో. కరిగిన నీటిని వెంటనే పారబోయకు, అది కూడా చల్లనిదే, ఖాళీలను నింపుతుంది. తినే వస్తువులు మాత్రం అందులో మునగరాదు. మాటిమాటికీ తెరిచే తాగునీళ్ళకు వేరే చిన్న పెట్టె పెట్టుకో. పెట్టెను ఎండలో ఉంచకు, కారు డిక్కీలో మరిచిపోకు. అన్నిటికన్న ముఖ్యం, మూత తెరిచి ఆలోచించకు, ఆలోచించి తెరువు.

ఈ చివరి మాట నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. 1995 డిసెంబరు 9న దేశమంతటా తొలి పల్స్ పోలియో దినం జరిగింది. రెండవది 1996 జనవరి 20న. ఉపాధ్యాయులమైన మాకు కేంద్రాల దగ్గర విధులు వేశారు. తార్నాక పరిసరాల్లో ఒక కేంద్రంలో డబ్బా నా అధీనంలో ఉండేది. నాలుగు ఐసు పలకల మధ్య చుక్కమందు సీసాలు. ప్రతిసారీ మూత తీసి పెట్టడం ఆలస్యమని, రద్దీలో నేను మూతను పక్కన పెట్టేశాను. డబ్బా మీద ఎండ పడుతున్న సంగతీ గమనించలేదు. మధ్యాహ్నానికి ఆరోగ్య కార్యకర్త వచ్చి పలకలను చేత్తో ఊపి చూసింది. లోపల నీళ్ళు గలగలమన్నాయి. ఆ నీళ్ళలో చల్లదనం కూడా లేదు. "ఈ మందు ఇక వేయకూడదు సార్" అన్నది.

ఈ నాడు ప్రతి సీసా మీదా వేడిని గుర్తించే చిహ్నం ఉంటుంది. వలయం లోపలి చదరం వలయమంత నల్లబడితే మందు పనికిరాదని అర్థం. మేము ఆ పని చేసిన నాడు మా సీసాలకు ఆ గుర్తు లేదు. మందులో శక్తి ఉన్నదో పోయిందో కంటికి తెలియదు. కొత్త మందు తెచ్చేసరికి గంట దాటింది. ఆ గంటలో, కూలిపని మధ్యలో పరుగున వచ్చిన ఒక తల్లి కాసేపు నిలబడి, చంటిబిడ్డను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం ఆ కార్యకర్తా నేనూ రైలుకట్ట పక్క గుడిసెల్లో చీకటిపడే దాకా వెతికాము. కనబడలేదు.

తరువాత జరిగిన ప్రతి విడతలోనూ నేను అడిగి మరీ డబ్బా కాపలా తీసుకున్నాను. మూత మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాణ్ణి. పిల్లలు నవ్వుకునేవారు. ఆ నవ్విన పిల్లల్లో ఒకడే మొన్న నన్ను అడిగినవాడు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులో కనిపించినదే మన దేశపు చివరి వైల్డ్ పోలియో కేసు. 2014 మార్చి 27న మన ప్రాంతమంతటికీ పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. ఆ వార్త చదివిన రోజున అందరితో పాటు నేనూ సంతోషించాను. ఆ తల్లి కూడా గుర్తుకొచ్చింది.

సాగర్‌లో ఐసు కరిగిపోతే పిల్లలు గోరువెచ్చని నీళ్ళు తాగుతారు, మరేమీ కాదు. అయినా మూత జాగ్రత్త అని నా శిష్యుడికి మరోసారి చెప్పి పంపుతాను.