సన్నగా ఉన్నా షుగర్ ముప్పు: అట్లాంటా పరిశోధన మనకు చెప్పేదేమిటి?

"లావుగా లేను కదా, నాకు షుగర్ ఎందుకొస్తుంది?" మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. దీనికి జవాబు వెతికిన పరిశోధకుల్లో ఒకరు అల్ఫారెట్టాకు దగ్గర్లోనే, అట్లాంటాలోని ఎమోరీ యూనివర్సిటీలో పనిచేస్తున్నారు. ఆయనే డాక్టర్ కె.ఎం. వెంకట్ నారాయణ్.

ఎవరీ వెంకట్ నారాయణ్?

భారత సంతతికి చెందిన ఈ డాక్టర్ మొదట అరిజోనాలోని పీమా ఇండియన్ తెగలో మధుమేహంపై పరిశోధన చేశారు. తర్వాత అట్లాంటాలోని సీడీసీలో పనిచేసి, 2006లో ఎమోరీలో చేరారు. 2000 సంవత్సరంలో అమెరికాలో పుట్టిన ప్రతి ముగ్గురిలో ఒకరికి జీవితకాలంలో డయాబెటిస్ వచ్చే అవకాశం ఉందని 2003లో ఆయన బృందం వేసిన అంచనా అప్పట్లో సంచలనం కలిగించింది.

మన శరీరాల్లో తేడా ఏమిటి?

పీమా తెగవారిలో ఊబకాయం ఎక్కువ. వారి శరీరంలో ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయదు. భారతీయుల సంగతి వేరు. మనవాళ్లలో చాలామందికి సన్నగా ఉన్నప్పుడే క్లోమం తగినంత ఇన్సులిన్ తయారుచేయలేకపోతోందని నారాయణ్ బృందం ఈ రెండు వర్గాలను పోల్చి చూపింది. అందుకే బరువు తూచే మెషీన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఆసియా సంతతి వారికి బీఎంఐ 25 కాకుండా 23 దాటితేనే షుగర్ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో సూచించింది. అంటే 5 అడుగుల 7 అంగుళాల మనిషికి హద్దు 160 పౌండ్లు కాదు, సుమారు 147 పౌండ్లే.

జీవనశైలి మారితే ఫలితం ఉంటుందా?

ఉంటుంది. 3,234 మందితో అమెరికాలో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం అనే లక్ష్యాలు పెట్టుకున్న వారికి డయాబెటిస్ ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే.

ఇదే పద్ధతిని ఎమోరీ, మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి చెన్నైలో 578 మందిపై పరీక్షించాయి. జీవనశైలి తరగతులతో పాటు అవసరమైన వారికి మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. మూడేళ్లలో ముప్పు 32 శాతం తగ్గినట్లు 2016లో ప్రకటించారు. అయితే ఫాస్టింగ్ షుగర్ ఒక్కటే ఎక్కువగా ఉన్నవారికి మేలు తక్కువగా కనిపించింది. ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలని, ఆ తర్వాత కూడా డాక్టర్‌ను కలుస్తూనే ఉండాలని దీన్నిబట్టి అర్థమవుతోంది.

మనం ఏం చేయాలి?

• ఏడాదికోసారి చేయించే చెకప్‌లో హెచ్‌బీఏ1సీ ఎంతో అడగండి. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే డయాబెటిస్‌గా పరిగణిస్తారు.
• ప్రీడయాబెటిస్ అని తేలితే సీడీసీ గుర్తింపు ఉన్న ఏడాది పాటు సాగే నివారణ తరగతుల గురించి డాక్టర్‌ను అడగండి. అర్హత ఉన్న పెద్దవారికి 2018 నుంచి మెడికేర్ వర్తిస్తోంది.
• కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచండి.
• రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు పూర్తవుతాయి. బిగ్ క్రీక్ గ్రీన్‌వే మనకు అందుబాటులోనే ఉంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకే కాదు, కంప్యూటర్ ముందు రోజంతా కూర్చునే మనకూ ఈ పరీక్ష అవసరమే. మందులు వాడుతున్నవారు మాత్రం డాక్టర్‌ను అడిగాకే ఏ మార్పైనా చేసుకోవాలి.