ఇసుకలో దిద్దిన వేలు, వాచకంలో దిగిన బొమ్మ

1823 ఆగస్టు 17న బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, వాళ్ళకేం నేర్పుతున్నారు అని అంతకు ముందు ఏడాది గవర్నరు మన్రో అడిగించిన లెక్కకు అది జవాబు. కొందరు కలెక్టర్లు అంకెలు పంపి ఊరుకున్నారు. క్యాంప్‌బెల్ మాత్రం పిల్లవాడు బళ్ళో అడుగుపెట్టిన రోజు నుంచి ఏం చేస్తాడో ఓపిగ్గా రాశాడు. అప్పటికి మా అనంతపురం వేరే జిల్లా కాదు, 1882 దాకా బళ్ళారిలో భాగమే. రాయదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించడమే ఉద్యోగంగా బతికినదాన్ని నేను. ధరంపాల్ 1983లో వెలువరించిన పుస్తకంలో ఆ నివేదిక చదువుతుంటే మా ఊళ్ళ సంగతులే చదువుతున్నట్టు ఉంటుంది.

ఆ లెక్కలో బడులు 533. అందులో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మిగిలినవి మరాఠీ, ఫారసీ, సంస్కృతం, అరవం, ఒకే ఒక్కటి ఇంగ్లీషు. పిల్లలు 6,641 మంది. వాళ్ళలో ఆడపిల్లలు 60. జిల్లా మొత్తానికి అరవై మంది. ఆ కాలపు బడి గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా ఈ అంకెను పక్కన పెట్టుకునే చెప్పుకోవాలి.

ఇక బడి లోపలికి వెళ్దాం. పిల్లవాడికి అయిదో ఏడు, అయిదో నెల, అయిదో రోజు వచ్చినప్పుడు అక్షరాభ్యాసానికి మంచిదని పట్టింపు. పళ్ళెంలో బియ్యం పోసి, అయ్యవారు వాడి వేలు పట్టుకుని వినాయకుడి పేరు రాయిస్తాడు. మర్నాటి నుంచి ఇసుకే పుస్తకం. నేల మీద ఇసుక పరిచి, అక్షరాన్ని వేలితో దిద్దుతూ పైకి అనాలి. ఐరోపాలో పిల్లలు ముందు అక్షరాల పేర్లు వల్లిస్తారు, ఇక్కడ ముందే రాస్తారు అని క్యాంప్‌బెల్ ప్రత్యేకంగా గుర్తించాడు. వేలికి అక్షరం వచ్చాక చెక్క పలక చేతికొస్తుంది. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న బల్లచెక్కను చిత్రిక పట్టి, అన్నం, బొగ్గుపొడి కలిపి పూసి ఆరబెడతారు. గుడ్డకు గంజి పట్టించి, మడతలు మడతలుగా పుస్తకంలా చేసి, బొగ్గూ బంకలూ పూస్తే అది కడితం. రెండింటి మీదా బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేయవచ్చు. ఖర్చు దాదాపు లేదు. కాగితం, తాటాకు తర్వాతి మాట.

పొద్దున్నే బడికి ఎవరు ముందొస్తే వాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. మా తాత చదివిన వీధిబడిలో దీన్నే ‘శ్రీ, చుక్క’ అనేవారు. చుక్క దాటితే బెత్తమే అని ఆయన చెయ్యి చాపి చూపించేవాడు. దెబ్బల మీద నాకు ఏ మమకారమూ లేదు. ఆ పద్ధతి పోవాల్సిందే, పోయింది. కానీ అక్షరాన్ని అరచేతి చర్మం మీద పెట్టాలన్న ఆలోచనలో, పిల్లలకు చదువు ఎక్కడి నుంచి ఎక్కుతుందో తెలిసిన మనిషి కనిపిస్తాడు.

ఆ బడిలో బొమ్మ అనేదే లేదు. గణపతి విగ్రహం ఉండవచ్చు, గోడ మీద సుద్ద ముగ్గు ఉండవచ్చు. అక్షరం పక్కన బొమ్మ మాత్రం లేదు. అక్షరం, చెయ్యి, గొంతు, అంతే. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు. చదివేవాటిలో రామాయణ, భారత, భాగవతాలు, పంచతంత్రం, భేతాళ కథలు ఉన్నాయి. అయితే వల్లించే పద్యాల అర్థం పిల్లలకు తెలియడం లేదని క్యాంప్‌బెల్ నొచ్చుకున్నాడు. ఆ మాట నిజమేనని నా నమ్మకం. అదే నివేదికలో ఆయన ఇంకో మాట కూడా దాచకుండా రాశాడు: ఇంగ్లండు బట్ట దిగి, ఇక్కడి నేతవాళ్ళ బతుకు చితికి, పిల్లల్ని బడికి పంపే స్తోమత జనానికి తగ్గిపోయిందని. తన ప్రభుత్వానికే ఇలా రాయడానికి ధైర్యం కావాలి.

ఇసుక మాత్రం అప్పటికే సముద్రం దాటింది. 1787లో మద్రాసు వచ్చిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు పాదరీ, 1789 నుంచి ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడి చూసుకునేవాడు. ఒకనాడు ఊళ్ళో ఒక నాటు బడి పిల్లలు ఇసుకలో వేళ్ళతో రాయడం చూసి, తన బడిలోనూ ఇసుక పళ్ళేలు పెట్టించాడు. అక్షరాలు చెప్పే పని ఎనిమిదేళ్ళ పిల్లవాడికే అప్పగించాడు. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక 1797లో ఈ సంగతంతా పుస్తకంగా వేశాడు. దాంతో మద్రాసు పద్ధతి అన్న పేరు అక్కడ పాకింది. లాంకాస్టర్ అనే ఆయన లండన్‌లో పెట్టిన బడుల్లోనూ బీదపిల్లలు ఇసుక బల్లల మీదే అక్షరాలు దిద్దారు. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సబబేనని క్యాంప్‌బెల్ నివేదికలో మెచ్చుకోలుగా రాసింది ఇందుకే.

ఇక్కడి నుంచి ఇసుక వెళ్ళింది సరే, బొమ్మ ఎక్కడిది? పిల్లల కోసం అచ్చయిన బొమ్మల పుస్తకాల్లో మొదట చెప్పుకునేది కొమేనియస్ పుస్తకం. మొరావియాలో 1592లో పుట్టి, మతయుద్ధాల్లో ఊరూ ఇల్లూ పోగొట్టుకుని దేశాలు తిరిగిన పంతులు ఆయన. హంగరీలోని శారోష్‌పటాక్‌లో బడి నడిపిన రోజుల్లో తయారుచేసిన ఆ పుస్తకం 1658లో న్యూరెంబర్గులో అచ్చయింది. లోకంలోని వస్తువులన్నీ నూటయాభై బొమ్మల్లో చూపించాడు. నన్ను కట్టిపడేసేది మాత్రం మొదట్లో ఉన్న అక్షరమాల. కాకి ‘ఆ ఆ’ అంటుంది, గొర్రెపిల్ల ‘బే’ అంటుంది, పాము ‘స్’మని బుసకొడుతుంది, కుక్క ‘ర్ర్’మని గుర్రుమంటుంది. ప్రతి అక్షరానికీ ఒక జంతువో గాలో మనిషి నోరో, దాని బొమ్మ, అది చేసే చప్పుడు. అంటే బొమ్మకు పేరేమిటో తెలియకపోయినా పరవాలేదు, చప్పుడు తెలిస్తే చాలు. ఆ తర్వాత వచ్చిన బొమ్మల వాచకాల్లో ఎక్కువభాగం ఈ దారి వదిలేసి, వస్తువు పేరులోని మొదటి అక్షరాన్ని పట్టుకున్నాయి. చిక్కంతా అక్కడే మొదలైందని నేను గట్టిగా అంటాను.

మన అచ్చు పుస్తకాల్లో పేరున్నది బాలశిక్ష. పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి రాయగా 1832లో వెలువడింది. పెరిగి పెరిగి పెద్ద బాలశిక్ష అయి, వావిళ్ళవారి చేతుల మీదుగా ఇంటింటికీ చేరింది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, నీతులు అన్నీ అందులోనే. వీధిబడి చదువునంతా కాగితం మీదికి ఎత్తిన పుస్తకం అది, బొమ్మ దానికి ప్రాణం కాదు. అక్షరానికో బొమ్మ అన్న అలవాటు తర్వాతి వాచకాలతో, చవక రంగుల అచ్చుతో, గోడకు తగిలించే చార్టులతో మన బళ్ళలో స్థిరపడింది.

అ అమ్మ, ఆ ఆవు, ఇ ఇల్లు, ఈ ఈగ. ఇంతవరకు హాయిగా ఉంటుంది. పుస్తకాన్ని బట్టి మాటలు కాస్త మారినా, ఉడుత, ఊయల, ఎలుక, ఏనుగు మా పిల్లలు చూడగానే పలికేవారు. ఋషి దగ్గర ‘సాములోరు’ అనేవారు. హల్లుల్లోకి వచ్చేసరికి అసలు ఇబ్బంది. ఘ పక్కన ఘటం బొమ్మ ఉంటే పిల్లవాడికి కనిపించేది కుండ. ‘ఇదేం అక్షరంరా’ అంటే ‘క, మేడం, కుండ’ అంటాడు. ఛ పక్కన ఛత్రం గీస్తే అది గొడుగు కాబట్టి గ అవుతుంది. ఝ పక్కన ఝషం గీస్తే చేప కాబట్టి చ. ఖ పక్కన ఖరం అని గాడిదను నిలబెట్టిన చార్టు ఒకటి మా బడి గోడకు చాలా కాలం ఉంది. మా వీధి చివర చాకలివాళ్ళ గాడిదలు కట్టేసి ఉండేవి. వాటిని చూసి పెరిగిన పిల్ల ఆ బొమ్మ ముందు నిలబడి ‘గ’ అనడంలో తప్పేమీ లేదు. ఆ పిల్ల బొమ్మను సరిగ్గానే చదివింది.

ఇంకో రకం ఇబ్బంది ణ, ళ లాంటి వాటితో. వీటితో తెలుగు మాట మొదలు కాదు. అందుకని వీణ బొమ్మ గీసి చివరి అక్షరానికి రంగు వేస్తారు, తాళం బొమ్మ గీసి ళకు రంగు వేస్తారు. మొదటి అక్షరం చూడమని అంతదాకా నేర్పి, ఇప్పుడు చివర చూడమంటాం. అయిదేళ్ళ పిల్లకు ఇది చిన్న మార్పు కాదు.

అన్నిటికన్నా పెద్దది గుణింతం. యాభై ఆరు అక్షరాలకు యాభై ఆరు బొమ్మలు దొరికినా, తెలుగు చదవడానికి అవి చాలవు. ఇల్లు బొమ్మతో ఇ నేర్చిన పిల్ల ‘కిటికీ’లో ఆ ఇ కోసం వెతికితే కనిపించదు, అక్కడ ఉన్నది గుడి. ప్రతి హల్లుకూ పన్నెండు పైచిలుకు రూపాలు, ఆపైన ఒత్తులు, వెరసి వందల రూపాలు. ఇక్కడ బొమ్మల వాచకం చేతులెత్తేస్తుంది. వీధిబడి చేతులెత్తలేదు. తలకట్టు, గుడి, కొమ్ము అని ఆ గుర్తులకు ఆకారాన్ని బట్టి పేర్లు పెట్టి, ‘కకు కొమ్మిస్తే కు’ అని పాడిస్తూ దిద్దించింది. బొమ్మ లేని బడి, బొమ్మను పేరులోనే పెట్టి పిల్ల నోటికిచ్చింది.

1980ల చివర్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం వచ్చినప్పుడు మాకు కత్తెర, బంక, రంగు కాగితాలు, స్కెచ్ పెన్నులు ఇచ్చి, పిల్లలతో పని చేయించమన్నారు, పిల్లలు చేసింది గోడకు తగిలించమన్నారు. ఆ శిక్షణ నాకెంతో పనికొచ్చింది. అచ్చు చార్టును పక్కన పెట్టి, పిల్లలతోనే బొమ్మలు గీయించడం అప్పుడే మొదలుపెట్టాను. గ దగ్గర గాడిద వచ్చింది, క దగ్గర కుండ వచ్చింది, స దగ్గర సద్ది వచ్చింది, శనక్కాయ గీసుకొచ్చిన పిల్లలు మాత్రం బోలెడుమంది. ఖ, ఘ, ఝ గడులు ఖాళీగా ఉండిపోయాయి. వాటిని తొందరపడి నింపలేదు. ‘మేఘం’ పాఠంలోకి వచ్చిన రోజున ఘ వచ్చింది. కొత్త వాచకాలు కూడా అఆల వరుస పట్టుకోకుండా, తెలిసిన మాటల్లోంచి అక్షరాన్ని విడదీసి చూపించే దారికి వచ్చాయి, అది మంచిదే. ఇసుక పళ్ళెం మాత్రం వదలకూడదు. గుణింతం దగ్గర తడబడే పిల్లను ఇసుక ముందు కూర్చోబెడితే వచ్చే తేడా కళ్ళారా చూశాను.

పిల్ల మాటతోనే పుస్తకం మొదలవ్వాలని మనవాళ్ళలో అందరికన్నా ముందు పట్టుబట్టినవాళ్ళలో గిడుగు రామమూర్తి ఒకరు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు తయారుచేసి, సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు నడిపారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, ఈ పనిని తలుచుకునేవాళ్ళు తక్కువ. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో ఒకటో తరగతి పుస్తకాలు వేయించింది. సవర, కువి, కోయ, కొలామి, గోండి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా. ఆ పుస్తకాల్లో బొమ్మ కింద ఉన్న మాట, పిల్ల ఇంట్లో అమ్మ నోట వినే మాట. మా రాయదుర్గం పక్క కన్నడం మాట్లాడే ఇళ్ళ నుంచి తెలుగు బడికి వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ కోసం అలాంటి వాచకం ఒకటి రావాలని అడుగుతూనే ఉన్నాను.