బేస్ గిటారుకు ఏ తీగలు వేయాలి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు సంఘాల్లో బేస్ గిటారు వాయించే యౌవనస్థులకు తీగలు మార్చే వేళ వచ్చే సందేహం ఒకటుంది. ఫ్లాట్‌వౌండ్ వేయాలా, రౌండ్‌వౌండ్ వేయాలా? వినడానికి చిన్న సంగతే. కానీ తీగల డబ్బు చాలా చోట్ల కానుకల పెట్టెలోంచి వస్తుంది, లేకపోతే వాయించే అబ్బాయి జీతంలోంచి వస్తుంది. నప్పని తీగలు వేస్తే డబ్బు పోవడమే కాదు, ఆదివారం ఆదివారం సంఘమంతా ఆ మోత భరించాలి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

రెండు రకాల్లోనూ నడుమ ఒక ఉక్కు తీగ ఉంటుంది. దానిమీద ఇంకో తీగను దగ్గర దగ్గరగా చుడతారు. తేడా అంతా ఈ పై చుట్టులోనే. ప్రొద్దుటూరు బంగారు పనివారికి ఈ సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు: కమ్మచ్చులో లాగిన గుండ్రటి తీగను అలాగే చుడితే రౌండ్‌వౌండ్, సన్నని పట్టీలా సాగదీసి చుడితే ఫ్లాట్‌వౌండ్. మొదటిదాని మీద వేలు జరిపితే గరగరమంటుంది, రెండోది నున్నగా జారుతుంది.

1951లో ఫెండర్ సంస్థ ప్రెసిషన్ బేస్ తెచ్చిన తొలి రోజుల్లో నున్నటి చుట్టు తీగలే వాడేవారు. నిలబెట్టి వాయించే పెద్ద బేస్ లాగా గుండ్రంగా, మెత్తగా వినిపించడమే అప్పటి కోరిక. 1960లలో అమెరికాలోని మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఫ్లాట్‌వౌండ్ తీగలకే ప్రసిద్ధుడు. తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదని చెబుతారు. అదే దశాబ్దంలో ఇంగ్లండులో జాన్ ఎంట్‌విసిల్ రోటోసౌండ్ వారితో కలిసి రౌండ్‌వౌండ్ తీగలకు పేరు తెచ్చాడు. పియానో తీగలాగా గణగణమనే ఆ నాదం తర్వాత ఎక్కువమందికి అలవాటైంది. ఇప్పుడు కొత్త గిటారుతో పాటు వచ్చేవి, దుకాణంలో సులువుగా దొరికేవి రౌండ్‌వౌండ్ తీగలే. ఫ్లాట్‌వౌండ్ కావాలంటే చాలాసార్లు తెప్పించుకోవాల్సిందే.

మా అభిప్రాయంలో తీగల ప్యాకెట్ కంటే ముందు చూడాల్సింది మందిరంలోని స్పీకరును. బేస్ గిటారులో లావుపాటి ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. పాటలకూ ప్రసంగానికీ గోడకు తగిలించిన కాలమ్ బాక్సులు అంత లోతైన శబ్దాన్ని పలికించలేవు. అలాంటి చోట ఫ్లాట్‌వౌండ్ వేస్తే ఆ అబ్బాయి వేళ్లు కదలడం కనిపిస్తుంది గానీ స్వరం వినపడదు. రౌండ్‌వౌండ్‌లో పై స్వరాల పాలు ఎక్కువ కాబట్టి చిన్న స్పీకరులో కూడా ఏ స్వరం పలికిందో చెవికి తెలుస్తుంది. బయట మైదానంలో జరిగే ఉజ్జీవ సభలకు కూడా ఇదే మేలు.

బేస్‌కు ప్రత్యేకంగా పెద్ద స్పీకరు ఉన్న యాంప్లిఫయర్ ఉంటే లెక్క మారుతుంది. మన మందిరాలు చాలావరకు నాపరాళ్ల నేల, సిమెంటు గోడలు, స్లాబు లేదా రేకుల కప్పు. శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి వస్తువేదీ ఉండదు. రౌండ్‌వౌండ్ చేసే టకటక, వేలి కీచు అన్నీ గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి పాట మాటల మీద పడతాయి. వెనక వరసలో కూర్చున్న పెద్దలకు వాద్యం వినిపిస్తుంది, పల్లవి అర్థం కాదు. ఇక్కడ ఫ్లాట్‌వౌండ్ వేస్తే గొంతులకు చోటు మిగులుతుంది. ఒక్క సంగతి మాత్రం మరవొద్దు: హాలంతా గుంయ్‌మని మోగుతుంటే అది తీగల తప్పు కాదు. యాంప్లిఫయర్ మీద బేస్ నాబ్ తగ్గించాలి, స్పీకరును మూలలోంచి జరపాలి, కీబోర్డు వాయించేవారు ఎడమచేతి లోతు స్వరాలు మానుకోవాలి. ఇవి పైసా ఖర్చు లేని పనులు. మొదట ఇవి చేశాకే తీగల మాట.

పాడే పాటలను బట్టి కూడా ఆలోచించాలి. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి కట్టిన లండన్ మిషన్ నాటి నుంచీ కీర్తనలు పాడుతున్న ప్రాంతం ఇది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం రాసి ఉంటాయి. అలాంటి పాటకు బేస్ తోడు కావాలంటే ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి మెత్తగా జారాలి. ఫ్లాట్‌వౌండ్ మీద ఆ జారు నిశ్శబ్దంగా వస్తుంది. ఢోలక్ ఎడమవైపు మోతతో కూడా అది చక్కగా కలుస్తుంది. డ్రమ్ములు, డిస్టార్షన్ గిటారు ఉన్న యౌవనస్థుల కూటాల్లో మాత్రం ఆ మెత్తదనం మునిగిపోతుంది, అక్కడ రౌండ్‌వౌండే నిలబడుతుంది. రెండు రకాల పాటలూ ఒకే గిటారు మీద వాయించాలంటే? రౌండ్‌వౌండ్ వేసి టోన్ నాబ్ తగ్గిస్తే కొంతవరకు మెత్తబడుతుంది. ఫ్లాట్‌వౌండ్‌కు లేని మెరుపును నాబ్ తిప్పి తేలేం.

ఖరీదు సంగతి. ఫ్లాట్‌వౌండ్ సెట్టు ధర మామూలుగా ఎక్కువ, అయితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. రౌండ్‌వౌండ్ చుట్ల సందుల్లో చెమట, మురికి చేరి కొన్ని వారాల్లోనో నెలల్లోనో మెరుపు తగ్గుతుంది. నలభై డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో చెమట చేతులతో వాయిస్తే ఇంకా త్వరగా. వేడినీళ్లలో మరిగిస్తే తిరిగి మెరుస్తుందని కొందరు చేస్తారు, అది నిజమే, కాకపోతే ఎక్కువ రోజులు నిలవదు. వాయించాక పొడిగుడ్డతో తుడవడం అంతకంటే మంచి అలవాటు. రౌండ్‌వౌండ్ ఫ్రెట్లను కూడా త్వరగా అరగదీస్తుంది. ఫ్రెట్లు లేని బేస్ అయితే చెక్క మీద గీతలు పడతాయి, దానికి ఫ్లాట్‌వౌండే సరి.

వేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఒకే మందం ఉన్నా ఫ్లాట్‌వౌండ్ చాలా రకాల్లో బిగువు ఎక్కువ. మెడ ముందుకు వంగి తీగలు పైకి లేచినట్టు కనిపిస్తే మెడలోపలి ట్రస్ రాడ్‌ను పావు చుట్టు చొప్పున బిగించి, ఒక రోజు ఆగి చూడాలి. చేతకాకపోతే తెలిసినవారికి ఇవ్వడమే మంచిది. తీగ చివర కత్తిరించే ముందు అక్కడ మడత పెట్టాలి, మడవకుండా కోస్తే పై చుట్టు ఊడిపోవచ్చు. పాత తీగలన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చండి. ప్యాకెట్ మీద నాలుగు తీగలా ఐదు తీగలా, పొడవు 34 అంగుళాల గిటారుకా 30 అంగుళాల చిన్నదానికా అని కూడా చూసుకోండి. 45 నుంచి 105 దాకా అని రాసి ఉన్న సెట్టు నాలుగు తీగల గిటారుకు మామూలు మందం.